పాత కారు మీటర్లు: వాని నిజములు, అబద్ధములు

గృహిణికి కొలతలతోడి పని నిత్యమును గలదు. బియ్యపు డబ్బాలో ఎంత మిగిలినదో, గ్యాసు సిలిండరు ఇంకెన్ని దినములు వచ్చునో, బిడ్డ ఒంటివేడి ఎంతవరకు పెరిగినదో ఆమె కనిపెట్టుచునే యుండును. డబ్బాలో చేయి పెట్టి చూడవచ్చును. సిలిండరును కదల్చి చూడవచ్చును. బిడ్డ నుదుట అరచేయి వేసి చూడవచ్చును. కాని కారు నడుపు స్త్రీ పెట్రోలు టాంకులోనికి తొంగి చూడజాలదు. పరుగిడుచున్న ఇంజనును తాకి చూడజాలదు. లోపలి సమాచారమును ఆమెకు తెలుపునవి ఎదుటి పలకమీది ముళ్లును, చిన్న దీపములును మాత్రమే. ఆ ముల్లే అబద్ధమాడినచో నేమి చేయవలెను?

ఈ ప్రశ్న క్రొత్త కారు కొన్నవారికంటె పాత కారును ప్రేమతోనో, పొదుపుకొఱకో నిలుపుకొన్న కుటుంబములకు ఎక్కువగా కలుగును. అంబాసిడరు కారు 1957 మొదలు 2014 వఱకు బెంగాలునందలి ఉత్తరపాడాలో తయారైనది. మారుతి 800 కారు 1983లో పుట్టి 2014లో ఆగిపోయినది. తయారీ నిలిచినను ఆ బండ్లు మన ఇండ్లలో ఇంకను గలవు. పదునైదేండ్లు నిండిన సొంతకారును తనిఖీ చేయించి, మరల అయిదేసి యేండ్లకు రిజిస్ట్రేషను పొందుచు నడుపుకొనుచున్నవారు పలువురు. అట్టి బండ్లలో ఇంజను గట్టిగనే యుండవచ్చును. కాని తీగలు, వాని చివరలు, మరలు త్రుప్పు పట్టును. అందుచే ముందుగా మొరాయించునవి మీటర్లే.

షెడ్డునకు తీసికొనిపోయినచో, "మీటరు పోయినదమ్మా, సెట్టంతయు మార్చవలెను" అను మాట తరచుగా వినబడును. నిజమునకు మీటరు పోవుట అరుదు. తీగ తెగుటయో, మర త్రుప్పు పట్టుటయో తఱచు. పరీక్ష చేయక మార్పించినచో డబ్బు పోవును, చెడుగు పోదు. ఇది మొదటి నష్టము. రెండవది ఇంతకంటె పెద్దది. ఒకటి రెండుమార్లు ముల్లు తప్పు చూపినచో ఇంటివారు "మా ముల్లెప్పుడును ఇంతే" యని దానివంక చూచుట మానుదురు. తరువాత నొకనాడు అది నిజమే చెప్పును. ఆనాడు దాని మాట వినువారుండరు, ఇంజను కాలిపోవును.

కావున ఈ వ్యాసమునందు చెప్పదలచిన దొక్కటే. ముల్లు తప్పని తేలువఱకు అది నిజమే చెప్పుచున్నదని నమ్మి నడచుకొనవలెను. అది తప్పో కాదో తేల్చుకొను పరీక్షలు సులభములు, వాని నెఱిగియుండవలెను. పెట్రోలు ముల్లు విషయమున పొరపడినచో దారిలో నిలిచిపోవుదుము, అంతే. వేడిమి ముల్లు, నూనె దీపము విషయమున పొరపడినచో ఇంజనునకే ముప్పు. అన్ని ముళ్లను ఒకే తీరున అనుమానించుట తగదు.

ముళ్లు లేని నాటి ప్రయాణము

ఈ మీటర్లు మోటారుబండితోబాటు పుట్టినవి కావు. 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున జర్మనీ దేశములో బెర్తా బెంజ్ అను ఇల్లాలు, తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడుచక్రముల బండిలో, యూజెన్, రిచర్డ్ అను ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని, భర్తకు ముందుగా చెప్పకయే, మన్‌హైము నుండి ఫోర్ట్స్‌హైములోని పుట్టినింటికి బయలుదేరెను. దూరము నూరు కిలోమీటర్లకు పైమాట. ఆ బండికి పెట్రోలు ముల్లు లేదు. వేడిమి ముల్లును లేదు. దారిలో వీస్లోఖ్ అను ఊర మందులషాపున ఇంధనము కొని పోసికొనెను. ఇంజను చల్లబడుటకు మాటిమాటికి నీరు నింపుకొనెను. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా టోపీకి గ్రుచ్చుకొను సూదితో దానిని తెఱచెను. మీటర్లు చెప్పవలసిన సంగతులన్నియు ఆమె కన్నులే కనిపెట్టినవి.

తరువాత ఇరువది యేండ్లకు అమెరికాలో వెలసిన ఫోర్డు టి-మాడలు కారునందును మొదట పెట్రోలు ముల్లు లేదు. ముందు సీటు నెత్తి, టాంకులో ఒక గీతల కొయ్యపుల్లను ముంచి, తడి యెంతవఱకు అంటినదో చూచుకొనెడివారు. మన ఇంటి నీళ్లతొట్టిలో కఱ్ఱ పెట్టి చూచినట్టిదే ఈ కొలత. ముల్లు లేనప్పుడును బండి నడచెననియు, ముల్లు చేయునది మన శ్రద్ధకు సాయమేగాని శ్రద్ధకు బదులు కాదనియు ఈ కథలవలన తెలియుచున్నది. ఇక ఈ సాయము చేయు యంత్రము లోపల ఎట్లు పనిచేయునో చూతము.

ముల్లు కదలు విధము

పెట్రోలు టాంకులో ఒక తేలుడు బెండు ఉండును. మెకానిక్కులు దీనిని ఫ్లోటు అందురు. పెట్రోలు పెరిగిన అది లేచును, తరిగిన దిగును. దానికి బిగించిన చిన్న చేయి, సన్నని తీగచుట్టపై జరుగుచు, విద్యుత్తు పోవు దారిని పొడుగుగనో కుఱుచగనో చేయును. ఈ భాగమునకు సెండరు అని పేరు. ఇంజను నీటిలో మునిగియుండు వేడిమి సెండరులో ఫ్లోటు లేదు. వేడి పెరిగినకొలది విద్యుత్తునకు త్రోవ విడిచెడి ఒక చిన్న బిళ్ల అందున్నది. రెండింటినుండియు ఒక్కొక్క తీగ పలకమీది ముల్లునకు వచ్చును.

చాల పాతకార్లలో ముల్లు వెనుక రెండు లోహములను అతికించిన సన్నని రేకు ఉండును. విద్యుత్తుచే అది వేడెక్కి వంగి ముల్లును త్రోయును. మన ఆటోమేటిక్ ఇస్త్రీపెట్టెలో వేడి చాలగనే దీపమార్పునదియు ఇట్టి రేకే. ఇట్టి ముల్లును గుర్తించుట సులభము: తాళము త్రిప్పిన వెంటనే గాక మెల్లమెల్లగా లేచును. తాళము త్రిప్పగనే చటుక్కున లేచు ముల్లు వేఱొక జాతిది; దానిలో రేకునకు బదులు తీగచుట్టలు, అయస్కాంతము పనిచేయును.

మెల్లగా లేచు జాతి ముళ్లు గల కార్లలో స్టెబిలైజరు అను చిన్న డబ్బీ యొకటి పలక వెనుక నుండును. బండి నిలిచినప్పుడు బ్యాటరీ బలము సుమారు 12 వోల్టులు. నడచునప్పుడు 14 వఱకు పెరుగును. ఈ హెచ్చుతగ్గులు ముల్లునకు తగులకుండ, సరాసరి పదివోల్టుల బలమునే పెట్రోలు ముల్లునకును, వేడిమి ముల్లునకును అది పంచిపెట్టును. ఈ డబ్బీని గుర్తుంచుకొన్నవారికి సగము చిక్కు వీడినట్లే.

ఒకటి చెడెనా, రెండును చెడెనా?

ముల్లు తప్పు చూపునప్పుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న యిది. ఒక వీథిలో ఒక్క యింట దీపమారినచో ఆ యింటి ఫ్యూజు చూతుము. వీథియంతయు చీకటియైనచో కంబమువంక చూతుము. ఇక్కడను అట్లే.

పెట్రోలు ముల్లు, వేడిమి ముల్లు రెండును ఒకేసారి ఉండవలసినదానికంటె ఎక్కువ చూపుచున్నచో, స్టెబిలైజరును అనుమానింపవలెను. దానిని పలకకు బిగించు మర వదులై, మెకానిక్కులు "ఎర్తు" అను లోహపు సంబంధము తప్పినచో, అది పదివోల్టులకు బదులు బ్యాటరీ బలమంతయు విడిచిపెట్టును. మరను విప్పి, అడుగున గరుకుకాగితముతో మెఱయునట్లు రుద్ది మరల బిగించినంతనే రెండు ముళ్లును తమ తావునకు వచ్చుట కలదు.

రెండును కదలక పడియున్నచో స్టెబిలైజరు పూర్తిగా చెడియుండవచ్చును, లేదా ఫ్యూజు పోయియుండవచ్చును. వీనితోబాటు ఇండికేటరు దీపములో వైపరో పనిచేయకున్నచో ఫ్యూజే కారణమగుట మెండు. పాతకార్లలో ఫ్యూజు కాలకున్నను దానిని పట్టు చివరలు పచ్చగా చిలుమెక్కి విద్యుత్తును ఆపును. తీసి, తుడిచి, మరల పెట్టి చూడవలెను. మార్చవలసివచ్చినచో అంతే ఆంపియర్లది పెట్టవలెనుగాని, పెద్దది పెట్టరాదు. తీగలు కాలి నిప్పంటుకొను ప్రమాదము గలదు.

హెడ్‌లైటు వేసినప్పుడు గాని, ఇండికేటరు మెఱసినప్పుడు గాని ముళ్లు కూడ కదలుచున్నచో పలకయొక్క ఎర్తు తీగ చెడినదని తెలియవలెను. తన దారి మూసికొనిపోగా దీపమునకు పోవలసిన విద్యుత్తు ముల్లు దారిన మరలుచున్నదన్నమాట. దీనికి క్రొత్త మీటరు అక్కఱలేదు. ఒక మూర తీగ, ఒక మర చాలును.

పెట్రోలు ముల్లును పరీక్షించుట

పెట్రోలు ముల్లొక్కటే చెడినచో తప్పు మూడు చోట్లలో ఒకచోట నుండును: మీటరునందో, సెండరునందో, నడిమి తీగయందో. చాల కార్లలో సెండరు తీగను డిక్కీలోనుండియో, వెనుక సీటు క్రిందినుండియో అందుకొనవచ్చును. తాళము కట్టియుంచి ఆ తీగను ఊడదీయవలెను. పిదప మరియొకరిచే తాళము త్రిప్పించి ముల్లును చూడుడు. మరల తాళము కట్టి, ఆ తీగ చివరను కారుదేహమునందు రంగులేని లోహమునకు గట్టిగా తగిలించి, మరల తాళము త్రిప్పించి చూడుడు. ఒకసారి ముల్లు ఒక కొసకును, రెండవసారి రెండవ కొసకును పోయినచో, మీటరును తీగయు బాగుగనే యున్నవి, తప్పు సెండరునందే. ఏది ఖాళీ కొసయో, ఏది నిండు కొసయో కారు జాతినిబట్టి మారును, దానిని పట్టించుకొననక్కఱలేదు. ముల్లు రెండు పర్యాయములును చలింపనిచో తప్పు మీటరునందో తీగయందో యున్నది.

ఈ పరీక్షలో రెండు జాగ్రత్తలు. తీగను కలుపుటయు, విడదీయుటయు తాళము కట్టియున్నప్పుడే జరుగవలెను. లేకున్న నిప్పురవ్వ రేగును, దగ్గఱ పెట్రోలు ఆవిరి యుండును. పెట్రోలు వాసన తగులుచున్నచో ఈ పని అసలే చేయరాదు. తీగను లోహమునకు తగిలించి కొలదిసేపటికంటె ఎక్కువ ఉంచరాదు. ముల్లు కొసకు చేరగనే తాళము కట్టవలెను, లేకున్న మీటరు కాలును.

సెండరునందు తప్పని తేలినప్పుడు ముల్లు నడకయే దాని జబ్బును చెప్పును. టాంకు నిండుగా నింపినను ముల్లు ఖాళీయనియే పట్టుబట్టినచో, ఫ్లోటునకు సన్నని చిల్లుపడి, పెట్రోలు చొచ్చి, మునిగిపోయి యుండవచ్చును. ముల్లు సగమువఱకు సరిగా వచ్చి, ఆ తావున చటుక్కున పడి, కొంతదూరము పోయినపిదప మరల లేచుచున్నచో, తీగచుట్ట ఆ చోట అరిగినది. తడి నేల మీదను, వానకాలమందును మాత్రమే తప్పు చూపుచున్నచో టాంకునొద్ద ఎర్తు త్రుప్పుపట్టినదని యనుకొనవచ్చును. ఘాటురోడ్డు ఎక్కునప్పుడు, దిగునప్పుడు ముల్లు కొంత మారుట మాత్రము జబ్బు కాదు. బిందె నొరగజేసినచో నీరు ఒకవైపునకు పోవుటవంటిదే.

సెండరు బాగుచేయించులోపల చిన్న నోటుపుస్తకము ముల్లు పని చేయును. టాంకు నిండా నింపినప్పుడు కిలోమీటర్ల అంకె వ్రాసికొనవలెను. మరుసటిసారి మరల నిండుగా నింపి, అంకెను, పట్టిన లీటర్లను వ్రాయవలెను. ఉదాహరణకు మొదటి అంకె 43,200, రెండవది 43,520, పట్టిన పెట్రోలు 25 లీటర్లు అనుకొందము. 320 కిలోమీటర్లను 25చే భాగించగా లీటరునకు సుమారు 12.8 కిలోమీటర్లు. టాంకు ఎన్ని లీటర్లు పట్టునో కారు పుస్తకములో నుండును. ఈ రెండంకెలు తెలిసినచో, ఎంతదూరమునకు బంకు వెదకవలెనో లెక్కకట్టుట పచారుసామాను లెక్కకంటె కష్టము కాదు. ఆ లెక్కలో ఒక పావువంతు చేతిలో నుంచుకొనుట మేలు. పాత టాంకు అడుగున త్రుప్పు, మడ్డి పేరియుండును. పూర్తిగా అడుగంటనిచ్చినచో అవి కార్బురేటరునకు చేరి వేఱొక చిక్కు తెచ్చును.

వేడిమి ముల్లు

ఇచటినుండి అనుమానమును తగ్గించి జాగ్రత్తను పెంచవలెను. వేడిమి ముల్లు పైకి పోవుచున్నచో, అది అబద్ధమని తేలువఱకు నిజమే. బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. బానెట్టు సందులనుండి ఆవిరి, కాలిన వాసన, క్రింద నీరు కారుట – వీనిలో ఏది యున్నను ముల్లు చెప్పినది సత్యము. అప్పుడు రేడియేటరు మూతను ముట్టరాదు. పొయ్యిమీదినుండి దించిన ప్రెషర్ కుక్కరు మూతను బలవంతముగా తెఱవ నెంచు గృహిణి యుండునా? ఇదియు అట్టిదే, మరుగు నీరు ముఖమున చిమ్మును. రేడియేటరు పైగొట్టమును చేతితో పట్టుకొనగలుగునంతగా చల్లారువఱకు వేచియుండి, గుడ్డ వేసి మెల్లగా త్రిప్పవలెను. కాలుచున్న ఇంజనులో చన్నీరు కుమ్మరింపరాదు, లోహము పగులును.

ముల్లు అబద్ధమాడు సందర్భములును గలవు, వానిని కాలమునుబట్టి పట్టవచ్చును. రాత్రియంతయు చల్లారిన బండికి ఉదయమున తాళము త్రిప్పగనే ముల్లు తుదవఱకు పోయినచో, అది వేడి కాదు. ఏ ఇంజనును అంతలో కాగదు. సెండరు తీగ ఎచటనో ఒరిసి కారుదేహమునకు తగులుచున్నది. ఇంజను ప్రక్కన సెండరు తీగను ఊడదీయగా ముల్లు దిగినచో సెండరే చెడినది. దిగకున్నచో తీగ మధ్యలో తగులుచున్నది.

దీనికి విరుద్ధముగా ముల్లు ఎప్పుడును చల్లగనే పడియుండుట కలదు. సెండరు తీగను ఊడదీసి, ఇంజను లోహమునకు ఒక్కక్షణము తగిలించినప్పుడు ముల్లు లేచినచో మీటరు, తీగ మంచివి. సెండరును ఇటీవల మార్చియున్నచో, నీరు కారకుండ దాని మరలకు తెల్లని టేపు దట్టముగా చుట్టిరేమో అడుగవలెను. ఒంటితీగ సెండరునకు ఎర్తు ఆ మరలగుండనే పోవును, టేపు దానిని అడ్డగించును. వేఱొక కారుజాతి సెండరు పెట్టినను ముల్లు తప్పు చూపును. ఇవేవియు కాకున్న, ముల్లు నిజమే చెప్పుచుండవచ్చును. మన ఎండలకు బండి కాగకుండునని కొన్ని షెడ్లలో థర్మోస్టాటును తీసివేయుదురు. అప్పుడు ఇంజను తగినంత వేడెక్కక, పెట్రోలు ఎక్కువగా త్రాగును. ముల్లు చల్లగా చూపుట అబద్ధము కాదు, ఫిర్యాదు.

అన్నిటికంటె గుర్తుంచుకొనవలసిన దొకటి. ముల్లు బాగుగా పైకి పోయి, ఏమియు చేయకుండగనే చటుక్కున క్రిందికి పడినచో, ఆపద తప్పినదని సంతోషింపరాదు. ఇంజనులో నీరు పూర్తిగా పోయి, సెండరు గాలిలో నిలిచినప్పుడు అట్లు జరుగును. జ్వరముతో కాలిపోవుచున్న బిడ్డ నోటినుండి థర్మామీటరు జాఱి నేల బడినచో, అది తక్కువ చూపెనని జ్వరము తగ్గినదందుమా? వెంటనే బండి ఆపవలసిన సమయమిదే.

రెండు ఎఱ్ఱ దీపములు

పాత కారులో నూనె దీపము, బ్యాటరీ దీపము అని రెండుండును. తాళము త్రిప్పగనే రెండును వెలుగవలెను. ఇంజను బయలుదేరగనే రెండును ఆరవలెను. ఈ పరీక్షకు క్షణము పట్టును, కాసు ఖర్చు లేదు. దినమును బండి తీయునప్పుడు చేసికొనవచ్చును. తాళము త్రిప్పినప్పుడు వెలుగని దీపము, ఆపదలోను వెలుగదు. బల్బు పోయినదో, తీగ ఊడినదో వెంటనే చూపించవలెను. మీటర్లలో అన్నిటికంటె ప్రమాదకరమైన అబద్ధము ఈ మౌనమే.

నూనె దీపము దారిలో వెలిగినచో, "తీగ వదులై యుండును" అని తర్కించుటకు అది సమయము కాదు. ఇంజనులో తిరుగు భాగములు నూనెపొరపై తేలుచు తిరుగును. నూనె ఒత్తిడి పోయినచో లోహము లోహమును కొఱుకును. కొన్ని నిమిషములలోనే వేలకొలది రూపాయల పని పడును. తక్షణమే ఆపి, కొన్ని నిమిషములు తాళి, నూనె చూచు పుల్లను తీసి తుడిచి ముంచి చూడవలెను. నూనె తక్కువయైన పోయవలెను. పోసి ఇంజను తీసినంతనే దీపమారినచో, దగ్గఱి షెడ్డువఱకు మెల్లగా పోయి, నూనె ఎందులకు తగ్గెనో విచారింపవలెను. నూనె సరిగనే యుండి దీపము వెలుగుచుండినచో బండిని లాగించుకొని పోవుటయే మార్గము. నూనె ఉన్నంతమాత్రమున ఒత్తిడి యున్నదనరాదు. షెడ్డులో ఆ దీపపు స్విచ్చిని విప్పి, ఆ తావున ఒత్తిడి కొలుచు గేజిని బిగించి చూడుడని మీరే అడుగవలెను. గేజి మంచి ఒత్తిడి చూపినచో స్విచ్చిది తప్పు, కొలదిపాటి ఖర్చు. చూపకున్నచో దీపము మీ ఇంజనును కాపాడినదన్నమాట.

బ్యాటరీ దీపము దారిలో వెలిగినచో మొదట బెల్టును చూడవలెను. అంబాసిడరువంటి బండ్లలో కరెంటు పుట్టించు డైనమోను గాని ఆల్టర్నేటరును గాని, ఇంజనునకు నీరు త్రిప్పు పంపును, ఫ్యానును ఒకే బెల్టు త్రిప్పును. అది తెగినచో మొదట ఈ దీపము వెలుగును, తరువాత వేడిమి ముల్లు లేచును. దీపమును "బ్యాటరీ సంగతి గదా, ఇంటికిపోయి చూతము" అని తేలికగా తీసికొన్నవారికి ఇంటికి చేరకమునుపే ఇంజను కాగును. బెల్టు బాగుగనే యున్నచో, పగటివేళ కొంతదూరము దీపములు, ఫ్యాను, రేడియో ఆపుకొని పోవచ్చును.

వేగపు ముల్లు

వేగపు ముల్లునకు పై తీగలతో సంబంధము లేదు. జర్మను దేశస్థుడగు ఓట్టో షుల్జె 1902లో హక్కు పొందిన పద్ధతియే మొన్నమొన్నటివఱకు కార్లలో సాగినది. గేరుపెట్టెనుండి వచ్చు సన్నని కేబులు మీటరులోని అయస్కాంతమును త్రిప్పును. దానికి అంటకుండ పైనున్న అల్యూమినియపు గిన్నె, అయస్కాంతపు లాగుడుచే తానును తిరుగ జూచును. సన్నని స్ప్రింగు దానిని పట్టియుంచును. ఈ పెనుగులాటయే ముల్లు చూపు వేగము.

ముల్లు, కిలోమీటర్ల అంకెలు రెండును నిలిచిపోయినచో కేబులు తెగినది, లేదా ఊడినది. అంకెలు తిరుగుచు ముల్లు మాత్రము కదలకున్న మీటరులో తప్పు. ముల్లు అటునిటు ఊగిసలాడుచు కిచకిచమను శబ్దము వచ్చినచో కేబులు ఎండినదో, ఎచటనో మిక్కిలి వంగినదో యగును. దానిని లాగి తుడిచి, పలుచగా గ్రీజు రాయింపవలెను. మీటరు వైపు కొసకు మాత్రము రాయింపరాదు, అది ప్రాకి మీటరులో చేరును.

వేగపు ముల్లు సరియైనదో కాదో తెలిసికొనుటకు ప్రక్కన కూర్చున్నవారి చేతిగడియారము చాలును. రద్దీలేని రహదారిపై ముల్లును 60 వద్ద నిలిపి, ఒక కిలోమీటరు రాయినుండి మరియొక రాయికి ఎన్ని సెకనులు పట్టునో వారిని చూడుమనవలెను. సరిగా 60 సెకనులు పట్టవలెను. 50 వద్ద 72 సెకనులు; 40 వద్ద 90 సెకనులు. తక్కువ పట్టినచో బండి ముల్లు చూపినదానికంటె వేగముగా పోవుచున్నది. కారునకు తగినదానికంటె పెద్ద టైర్లు వేసినను ఇట్లే జరుగును. దీనివలన జరిమానాయు, అపాయమును రెండును రావచ్చును.

షెడ్డునందు ఏమి చెప్పవలెను?

పైన చెప్పిన పరీక్షలన్నియు ప్రతి గృహిణియు స్వయముగా చేయవలెనని కాదు. తీగలు విప్పుట ఇష్టములేనివారు విప్పనక్కఱలేదు. కాని చూచినదానిని క్రమముగా చెప్పగలుగుట అందఱకును సాధ్యమే. "మీటరు పనిచేయుట లేదు" అనుమాట వైద్యునితో "ఒంట్లో బాగులేదు" అన్నట్టిది. "పెట్రోలు ముల్లు, వేడిమి ముల్లు రెండును ఒకేదినమునుండి ఎక్కువ చూపుచున్నవి, తాళము త్రిప్పినప్పుడు మెల్లగా లేచును, దీపములు సరిగనే యున్నవి" అని చెప్పినచో, మంచి మెకానిక్కు తిన్నగా స్టెబిలైజరు నొద్దకు పోవును. అట్లుకాక సెట్టంతయు మార్చుమనువానిని, "ముందు సెండరు తీగ ఊడదీసి చూపుడు" అని అడుగవచ్చును. ఆ మాటతోనే అక్కఱలేని బిల్లు సగము తగ్గును. తీసివేసిన పాతభాగమును ఇంటికి ఇచ్చుమని కోరుటయు మంచి అలవాటు.

కారులో నోటుపుస్తకముతోబాటు ఒక చిన్న పరీక్షదీపము, గరుకుకాగితము ముక్క, తగిన ఫ్యూజులు నాలుగు, ఒక మరమేకుల కత్తి, రెండు సీసాల నీరు ఉంచుకొన్నచో ప్రయాణమునకు చాలును. ముళ్లను బాగుచేయించుటలో ఆలస్యము కూడదు. నమ్మదగిన ముల్లు ఉన్నప్పుడే, ఎఱ్ఱదీపము వెలిగిన మరుక్షణమున సందేహింపక బండిని ప్రక్కకు తీయగలము.